వెట్టి, గార: మాట లేకపోవడం వేరు, మాట చెల్లకపోవడం వేరు

"నువ్వు వెట్టి చేస్తున్నవా?" అని అడిగితే పాలమూరు నుంచి సైటు పనికి పోయిన మనిషి "లేదు సారూ, కూలికి పోయిన" అంటాడు. అడిగినాయన ఫారంలో 'కాదు' అని రాసుకుంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. అయినా కాగితం మీదికి ఎక్కింది నిజం కాదు. తీసుకున్న అడ్వాన్స్ తీరేదాకా సైటు విడిచి రాలేని మనిషి, తనకు రోజుకు ఎంత పడుతుందో తెలియని మనిషి, చట్టం లెక్కన వెట్టికార్మికుడే కావచ్చు. ఆయనకు తన సంగతి తెలుసు, అడిగినాయనకు చట్టం తెలుసు. మధ్యలో ఉన్న ఒక్క మాట దగ్గర రెండూ తప్పిపోయాయి.

ఇట్లాంటి చోట జరిగే నష్టానికి తత్వశాస్త్రంలో 'ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్' అని పేరు. తెలుగులో జ్ఞానపరమైన అన్యాయం అనుకోవచ్చు. బ్రిటిష్ తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో వెలువరించిన పుస్తకంతో ఈ పేరు స్థిరపడింది. కూలి ఎగ్గొట్టడం ఒక అన్యాయం. కూలి ఎగ్గొట్టారని చెప్పినవాణ్ని, విషయం తెలిసిన మనిషిగా లెక్కచేయకపోవడం ఇంకో అన్యాయం. ఫ్రికర్ వేరు చేసి చూపించింది ఈ రెండోదాన్ని.

ఈ మధ్య సెమినార్లలో, పత్రికల్లో ఈ మాట బాగానే వినిపిస్తోంది. వాడేటప్పుడు మాత్రం అన్నీ ఒకే మూటలో కట్టేస్తున్నారు. బడుగుల గొంతు వినరు, అది జ్ఞానపరమైన అన్యాయం, అయిపోయింది. ఎందుకు వినలేదన్నదాన్ని బట్టి మందు మారుతుంది. నల్లగొండ, పాలమూరు నేల మీది రెండు సంగతులను, వెట్టిని, పిల్లల పండ్ల మీది గారను, ముందు పెట్టుకుంటే ఈ తేడా పుస్తకాల్లోకన్నా స్పష్టంగా కనబడుతుంది.

ఫ్రికర్ చెప్పినవి రెండు రకాలు. మొదటిది సాక్ష్యానికి సంబంధించింది. మనిషి కులమో, లింగమో, యాసో, చేసే పనో చూసి వినేవాడు ఆ మాట విలువ తగ్గిస్తాడు. మనం 'మాట చెల్లలేదు' అనేది ఇదే. రెండోది అర్థానికి సంబంధించింది. తన మీద జరుగుతున్నదేమిటో చెప్పుకోవడానికి సమాజంలో ఇంకా మాటే పుట్టలేదు, కాబట్టి బాధపడే మనిషికే అది పూర్తిగా అర్థం కాదు. ఫ్రికర్ ఇచ్చిన ప్రసిద్ధ ఉదాహరణ కార్మిటా వుడ్‌ది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆమె, ఒక ప్రొఫెసర్ వేధింపులు తట్టుకోలేక ఉద్యోగం మానేసింది. నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టినప్పుడు, ఎందుకు మానేశావన్న ప్రశ్నకు రాయడానికి ఆమె దగ్గర మాట లేకపోయింది. వ్యక్తిగత కారణాలని తేలింది, భృతి రాలేదు. 1975లో ఆమె చుట్టూ కూడిన మహిళలు 'సెక్సువల్ హెరాస్‌మెంట్' అనే పేరు పెట్టారు. ఇవాళ మనం లైంగిక వేధింపు అంటున్నది ఆ పేరునే.

మరి వెట్టి సంగతి ఈ రెంటిలో దేని కిందికి వస్తుంది? చాలామంది రెండోదాని కిందికి తోసేస్తారు. పాపం చదువు లేనివాళ్లు, తమది వెట్టి అని వాళ్లకే తెలియదు, చైతన్యం తేవాలి అంటారు. ఇక్కడే లెక్క తప్పుతుంది.

మాటలకు ఈ నేల మీద ఎన్నడూ కరువు లేదు. వెట్టి, జీతం, పాలేరు, భాగేలా (అప్పుకింద కట్టుబడ్డ వ్యవసాయ కూలి), వీటిలో ఏ పేరుకు ఏం అర్థమో పెద్దవాళ్లను అడిగితే విడివిడిగా చెబుతారు. దొర ఇంటికి ఊరికే చేసే చాకిరీ వెట్టి. అప్పుకింద ఏడాదికి కుదురుకొని ఒక రైతు దగ్గర ఉండిపోవడం జీతం. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కూడా ఈ పేర్లను వదల్లేదు. 'ఒప్పందం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం కింద, దేశంలోని రకరకాల వెట్టి రూపాల జాబితాలో భాగేలా, జీతా, పాలేరు, వెట్టి నాలుగూ ఉన్నాయి. ఆ పేరుతో పని జరుగుతుంటే కాగితం లేకపోయినా ఒప్పందం ఉన్నట్టే భావించాలని దాని సారాంశం. మన ఊళ్ల మాటలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కిన అరుదైన సందర్భం ఇది.

అయితే మాట నిఘంటువులో ఉంటే చాలదు. నిజాం కాలంలో వెట్టి అన్న పేరు ఊరందరికీ తెలుసు, కానీ అది ఆచారం పేరు, నేరం పేరు కాదు. ఏ కులం ఏ రోజు ఏం చేయాలో చెప్పే మామూలు అది. 'నీ బాంచెన్' అంటూ మొదలయ్యే మాటకు ముందే సగం విలువ పోయి ఉంటుంది. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు, 1946 నుంచి 1951 దాకా నల్లగొండ కేంద్రంగా నడిచిన సాయుధ పోరాటం, కొత్త మాటేమీ కనిపెట్టలేదు. పాత మాటనే తీసుకొని దాని అర్థాన్ని తిరగేశారు. నిన్నటిదాకా బాధ్యత అన్నది అన్యాయమైంది. అర్థపరమైన లోటును పూడ్చడమంటే ప్రతిసారీ కొత్త పదం పుట్టించడమని అనుకునేవాళ్లు ఈ చరిత్రను ఒకసారి చూడాలి.

ఇప్పుడు సైటు దగ్గరికి వద్దాం. కూలీలను కుదిర్చే గుంపు మేస్త్రీ ఊళ్లోకి వస్తాడు, చాలా చోట్ల ఆలుమగలిద్దరినీ ఒక జంటగా లెక్కగట్టి అడ్వాన్స్ ఇస్తాడు, బొంబాయికో ఇంకో రాష్ట్రానికో తీసుకుపోతాడు. దేశంలో పాలమూరు లేబర్ చెయ్యి పడని డ్యామ్ లేదన్న మాట ఊరికే రాలేదు. ఇది దొర వెట్టి కాదు, రైతు దగ్గరి జీతం కాదు. దీన్ని జనం 'గుంపుల పోవుడు' అంటారు. కాబట్టి 'వెట్టి చేస్తున్నవా' అంటే 'లేదు' అనడం సరైన జవాబే. తప్పు ప్రశ్నలో ఉంది. చట్టం వెట్టిని పేరుతో కాదు, లక్షణాలతో పట్టుకుంటుంది. అప్పో అడ్వాన్సో, లేకుంటే ఆచారమో కులమో వారసత్వమో పెట్టిన కట్టుబాటో ఉండాలి. దానికి బదులుగా కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయడమో, ఇంకోచోట పనికి పోయే స్వేచ్ఛ పోవడమో, తిరిగే స్వేచ్ఛ పోవడమో, తన శ్రమను మార్కెట్ ధరకు అమ్ముకునే హక్కు పోవడమో, వీటిలో ఏ ఒక్కటైనా సరిపోతుంది. కాంట్రాక్టు కూలీలు, రాష్ట్రం దాటిన వలస కూలీలు ఇదే స్థితిలో ఉంటే వాళ్లదీ వెట్టేనని 1985లో సవరణ చేసి మరీ వివరణ చేర్చారు. అంటే చట్టంలో లోటు పూడి నలభై ఏళ్లయింది.

కాబట్టి అడగాల్సింది ఇట్లా: అడ్వాన్స్ ఎంత తీసుకున్నరు? ఇద్దరికా, ఒక్కరికా? లెక్క ఎవరి దగ్గర ఉంది? నడుమల ఇంటికి వస్తనంటే ఏమంటరు? పక్క సైటుల ఎక్కువ ఇస్తమంటే పోవచ్చా? ఖురాకికి (తిండి ఖర్చుకు) ఇచ్చిన పైసలు కోసుకుంటే రోజుకు ఎంత పడ్డది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని కూలీ ఉండడు. చైతన్యం లేనిది ఎవరికో అప్పుడు తేలుతుంది.

ఫ్రికర్ మీద వచ్చిన గట్టి విమర్శ సరిగ్గా ఈ చోటి నుంచే వచ్చింది. అమెరికా నల్లజాతి తత్వవేత్త క్రిస్టీ డాట్సన్ 2012లో మూడో రకాన్ని ముందుకు తెచ్చారు. అణగారినవాళ్ల దగ్గర మాటలున్నాయి, అర్థాలున్నాయి, తమలో తాము చక్కగా మాట్లాడుకుంటున్నారు. పైనున్నవాళ్లు వాటిని నేర్చుకోవడానికి ఒప్పుకోరు, తమ దగ్గరున్న పాత డబ్బాల్లోనే సర్దుతారు. అదే ఏడాది గేల్ పోల్‌హాస్ దాన్ని 'కావాలని తెచ్చుకున్న అజ్ఞానం' అన్న అర్థంలో వివరించారు. మాట లేకపోవడం కాదు, మాట చెల్లకపోవడమూ పూర్తిగా కాదు, మాటను అందుకోకపోవడం. పాలమూరు ఫారం కథ ఈ మూడోది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మాట చెల్లనప్పుడు పక్కన ఇంకెవరిదో మాట మరీ ఎక్కువ చెల్లుతూ ఉంటుంది. విలువ తగ్గించడమే అన్యాయమని ఫ్రికర్ అంటే, అర్హతకు మించి విలువ ఇవ్వడమూ అందులో భాగమేనని హోసే మెదీనా వాదించారు. సైటులో దీనికి రూపం మేస్త్రీ లెక్కల పుస్తకం. కూలీ 'నాకు ఇంత రావాలె' అంటే నోటిమాట. మేస్త్రీ పుస్తకంలో 'ఇంత ముట్టింది' అని ఉంటే రికార్డు. రాసింది ఒక్కడే, చదివేదీ ఒక్కడే, అయినా కాగితం కనబడగానే విచారణ చేసేవారి చూపు అటు తిరుగుతుంది. కూలీని నమ్మకపోవడం కన్నా ఆ పుస్తకాన్ని ఊరికే నమ్మడమే అసలు నష్టం.

మరి వినేవాళ్లు మంచివాళ్లయితే సరిపోతుందా? ఫ్రికర్ మొదట నొక్కి చెప్పింది వినేవారి సుగుణం గురించే. ఎలిజబెత్ అండర్సన్ 2012లో అది చాలదన్నారు. మంచి అధికారి బదిలీ అవుతాడు, సంస్థ నిర్మాణం అక్కడే ఉంటుంది. ఆ వాదానికి 1976 చట్టంలోని 15వ సెక్షన్ కన్నా చక్కని ఉదాహరణ దొరకదు. ఇది వెట్టి అప్పు అని కూలీ గానీ, ఈ చట్టం అమలు చూసే విజిలెన్స్ కమిటీ గానీ అంటే, కాదని రుజువు చేయాల్సిన భారం అప్పిచ్చినవాడిది. అధికారి మనసు మారాల్సిన పని లేదు, నమ్మకం ఎటు నుంచి మొదలవ్వాలో చట్టమే చెప్పింది. 1983 డిసెంబర్‌లో బంధువా ముక్తి మోర్చా కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో పోయింది. బలవంతపు పని అని తేలితే దాని వెనుక అడ్వాన్సో అప్పో ఉందనే భావించాలి, లేదని యజమానే చూపించాలి అంది. అయితే ఎవరైనా 'ఇది వెట్టి' అన్నప్పుడే 15వ సెక్షన్ తలుపు తెరుచుకుంటుంది. మొదటి ఫారంలోనే 'కాదు' పడితే ఆ తలుపు దాకా ఎవరూ రారు. మొదటి ప్రశ్న తప్పితే ఎంత మంచి రక్షణైనా వాడకంలోకి రాకుండా పోవడానికి కారణం ఇదే.

ఇక గార సంగతి. ఇది పూర్తిగా వేరే జబ్బు, రెండు అర్థాల్లోనూ.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు పిల్లల పండ్ల మీద పసుపు, గోధుమరంగు మచ్చలను గార అనేవారు. గారపండ్లు. మాట ఉంది, కానీ అది చూపించే వేలు తప్పు వైపు ఉంది. గార అంటే పేరుకున్న మురికి. అంటే తోముకోలేదని, శుభ్రం లేదని. తప్పు పిల్లవాడిది, తల్లిది. నిజానికి అది పైన అంటుకున్నది కాదు. పన్ను చిగురు లోపల తయారవుతున్న చిన్న వయసులోనే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎనామిల్‌ను చెడగొడుతుంది. ఎంత తోమినా పోదు. మోకాళ్లు వంగిపోవడం, నడుము పట్టేయడం కూడా వయసనో వాతమనో కొట్టుకుపోయేవి. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు గుర్తించి రాసేదాకా మన దేశంలో దానికి వైద్యపరమైన పేరు కూడా లేదు.

ఇది ఫ్రికర్ చెప్పిన రెండో రకానికి సరిగ్గా సరిపోతుంది. మాట మారగానే నేరం ఒంటి మీది నుంచి నీటి మీదికి మారింది. 'ఫ్లోరైడ్' ఇవాళ నల్లగొండలో ఇంగ్లిష్ మాట కాదు. ధర్నాలో, ఎన్నికల సభలో, బస్సు ముచ్చట్లలో నలిగిన మాట. పేరు పుట్టాక 'మాకు కృష్ణా నీళ్లు కావాలె' అన్న డిమాండ్‌కు కాళ్లు వచ్చాయి. ఇక్కడ కొత్త పదం నిజంగానే మందు అయింది. వెట్టి దగ్గర కాలేదు, ఎందుకంటే అక్కడ రోగం అది కాదు.

అట్లాగని ఇక్కడ జనానికి ఏమీ తెలియదనడమూ తప్పే. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి జనం వెనకాడేవాళ్లు. ఒక సంబంధం చెడిపోయిందంటే దాని వెనుక తరాలుగా కూడిన పరిశీలన ఉంది: ఏ ఊరి నీళ్లు తాగితే ఎముకలు ఏమవుతాయో. అది ఎక్కడా రాసిపెట్టని వ్యాధి పటం. కాకపోతే దాని ధర చెల్లించింది ఆ ఊరి పిల్లలే.

ఇక్కడే ఈ సిద్ధాంతాన్ని అతిగా సాగదీసేవాళ్లకు ఒక అడ్డుకట్ట కూడా ఉంది. అనుభవించేవాడు చెప్పిందే సత్యం అనే మాట వినడానికి బాగుంటుంది, నీటి దగ్గర పనికిరాదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మన బోర్లలో ఉండే మోతాదులో నాలుకకు తెలియదు. తియ్యగా ఉన్న బోరు నీళ్లే ప్రమాదం కావచ్చు. కాచితే పోదు, నీరు ఆవిరై మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది. భారత ప్రమాణం లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. ఈ అంకె ఒంటి నొప్పి చెప్పదు, పరీక్ష చెబుతుంది. 'మా బోరు నీళ్లు మంచివే' అన్న రైతు మాటను పరీక్ష కొట్టేస్తే అది జ్ఞానపరమైన అన్యాయం కాదు. పక్షపాతం వల్ల నమ్మకపోతేనే అన్యాయం, ఆధారం వల్ల నమ్మకపోతే కాదు. ఈ గీతను ఫ్రికర్ స్పష్టంగానే గీశారు, వాడేవాళ్లు చెరిపేస్తున్నారు.

పేరు గురించి ఒక పక్కమాట. ఫ్లోరైడ్ తీసే 'నల్లగొండ టెక్నిక్' ఇథియోపియా దాకా పోయింది. నీటిలో పటిక, కొద్దిగా సున్నం కలిపి (సున్నం సుమారుగా పటికలో ఇరవయ్యో వంతు), బాగా కలియబెట్టి, తేటపడనిచ్చి వడకట్టడం. రూపొందించింది నాగపూర్ కేంద్రంగా ఉన్న జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరి. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారాలి. బోరు బోరుకూ ఆ రెండూ మారతాయి. కొలవకుండా అంచనాగా వేస్తే ఫ్లోరైడ్ మిగులుతుంది, లేదా అల్యూమినియం ఎక్కువవుతుంది, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో సమస్య. ప్రపంచ సాహిత్యంలో నల్లగొండ పేరు జబ్బుతో, మందుతో రెంటితోనూ నిలిచింది. రాసినవాళ్ల జాబితాలో మాత్రం ఆ నీళ్లు తాగిన ఊళ్లు లేవు. అనుభవానికి సొంతదారు ఒకరు, కర్త ఇంకొకరు అన్న తత్వవేత్త సుందర్ సరుక్కై చర్చకు ఇంత కన్నా దగ్గరి ఉదాహరణ వెతకాల్సిన పని లేదు. ఆయనతో సంవాదంలో ఉన్న గోపాల్ గురు 2002లోనే మన సామాజిక శాస్త్రాల మీద ఇంకా పదునైన మాట అన్నారు: సిద్ధాంతం చేసేవాళ్లు ఒక కులంలాగా, సమాచారం అందించేవాళ్లు ఇంకో కులంలాగా చీలిపోయారని. పాలమూరు లేబర్ గురించి వచ్చిన రాతలు ఏవైనా తీసి, వాటిలో కూలీ ఎక్కడెక్కడ కర్తగా ఉన్నాడో, ఎక్కడెక్కడ కొటేషన్ గుర్తుల మధ్య మాత్రమే ఉన్నాడో లెక్కపెట్టి చూడండి.

మూడు రకాలూ ఒకే పూట కనబడే చోటు ప్రజాభిప్రాయ సేకరణ. సిమెంట్ ఫ్యాక్టరీకైనా, థర్మల్ ప్లాంటుకైనా, షామియానా కింద జరిగే ఆ సభకు 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఆధారం. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ హోదాకు తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. వీడియో తీయాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. వినడానికి అన్నీ ఉన్నాయి. కానీ స్థానిక భాషలో తప్పనిసరి అయింది సారాంశం మాత్రమే, అంకెలన్నీ ఉండే పూర్తి నివేదిక ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఇక తండా నుంచి వచ్చిన ముసలమ్మకు ఆ తెలుగు సారాంశం కూడా పరాయి భాషే, ఆమె ఆలోచించేది లంబాడీల భాష గోర్‌బోలీలో. హాజరుకు కోరం లేదు, పదిమంది వచ్చినా సభ నడుస్తుంది.

అక్కడ గమనించాల్సింది చెప్పిన మాటలనే కాదు, మింగేసిన మాటలను కూడా. వినేవాడికి అందదని ముందే తెలిసి మనిషి తన మాటను తానే కత్తిరించుకోవడాన్ని డాట్సన్ 2011లో విడిగా గుర్తించారు. దుమ్ము పడితే పత్తి ఏమవుతుందో, ఏ వాగు ఎటు పారుతుందో చెబితే రాసుకోరని తెలిసినప్పుడు, రాసుకునేదే చెబుతారు: 'మా పిల్లలకు ఉద్యోగాలియ్యాలె.' సభ రికార్డులో, అంటే మినిట్స్‌లో, 'స్థానికులు ఉపాధి కోరారు' అని పడుతుంది. అదీ నిజమే, అబద్ధమని ఎవరూ అనలేరు. ఊరు ఒప్పుకున్నట్టుగా చదవడానికి మాత్రం అది చాలు.

ఏ రకమో తేల్చుకోవడానికి రెండు మూడు పరీక్షలు పనికొస్తాయి. ఇదే మాట తెల్లబట్టల మనిషి అంటే రాసుకునేవారా? అవునంటే, అది మాట చెల్లకపోవడం. అన్న మాటకూ రాసిన మాటకూ మధ్య పదం మారిందా? 'వాగు' పోయి 'జలవనరు' వచ్చినా ఫరవాలేదు, 'వాగు మూసుకుపోతది' పోయి 'ఆందోళన వ్యక్తం చేశారు' వస్తే అందుకోలేదన్నమాట. చెప్పేవాళ్లకే సంగతి తేలక, ఒకరు దోషమని ఒకరు రాత అని అంటున్నారా? అప్పుడు నిజంగానే మాట లేదు, పరీక్షలూ కొత్త పేర్లూ కావాలి. మొదటి పరీక్షలో ఒక చిక్కుంది: సభకు తెల్లబట్టల మనుషులే రాకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. అప్పుడు కంపెనీ మనిషి చెప్పిన ఒక్కో పేరాకు ఎన్ని పంక్తులు రాశారో, ఊరివాళ్ల ఒక్కో మాటకు ఎన్ని రాశారో చూడాలి.

ఆ నోటిఫికేషన్‌లో జనం పెద్దగా వాడుకోని ఒక నిబంధన ఉంది. సభ చివర కార్యక్రమ సారాంశాన్ని అక్కడే అందరి ముందు చదివి, స్థానిక భాషలో వివరించి, ఒప్పుకున్న మినిట్స్ మీద అదే రోజు సంతకం చేయాలి. జనం లేవనెత్తిన విషయాలు, వాటికి కంపెనీ జవాబులు తెలుగులో, ఇంగ్లిష్‌లో జతచేయాలి. సాధారణంగా ఆ వేళకు కుర్చీలు మడుస్తుంటారు, ట్రాక్టర్లు కదులుతుంటాయి. ఆ పది నిమిషాలు ఊరివాళ్లు నలుగురైనా కూర్చొని, తాము అన్న మాటలను ఒక కాగితం మీద ముందే రాసుకొని, చదువుతున్నప్పుడు ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ, రాని మాట దగ్గర చెయ్యెత్తి 'ఇది రాయలేదు సార్' అంటే, ఆ అభ్యంతరం కూడా వీడియోలో పడుతుంది.